స్వర్ణముఖియు రోబెక్కును: వర్ణపరిశ్రమయు ప్రకృతిచిత్రమును

పారిస్ నగరమందలి ఓర్సే చిత్రశాలలో "రోబెక్ వాగు" అను పేరుగల చిన్న తైలవర్ణచిత్రమొకటి కలదు. క్లోద్ మోనే అను ఫ్రెంచి చిత్రకారుడు దానిని 1872లో నార్మండీ దేశపు ముఖ్యపట్టణమగు రువాన్‌లో వ్రాసెను. దాని ఎత్తు సుమారు మూరెడు. వెడల్పు మూర జానెడు. అందు దేవతలు లేరు, రాజులు లేరు, యుద్ధములు లేవు. వాగును, దాని యొడ్డున నిలిచిన కట్టడములును, పైనున్న ఆకాశమును మాత్రమే కానవచ్చును. ఈ పటమునకును తిరుమల కొండలనుండి దిగివచ్చు నీటికిని సంబంధము కలదనుట మొదట వింతగా తోచును. ఐనను రోబెక్ వాగునకు ప్రసిద్ధి తెచ్చిన పరిశ్రమకు ఫ్రెంచివారు పెట్టిన పేరే యీ సంబంధమునకు తొలి సాక్ష్యము. రంగులద్దిన నూలుగుడ్డను వారు "ఇండియెన్" అని పిలిచిరి. ఇండియా దేశపుదని దాని యర్థము.

చిత్రకళాచరిత్రకారులు మోనే పటములను వెలుతురును గూర్చిన యధ్యాయమున చేర్చిరి. వస్త్రచరిత్రకారులు శ్రీకాళహస్తి వ్రాతపనిని దేవాలయకళలను గూర్చిన యధ్యాయమున చేర్చిరి. ఈ రెండధ్యాయములను చదువువారు వేరు, వ్రాయువారు వేరు. కాని నీరు, రంగు అను రెండు పదార్థములను పట్టుకొని వెనుకకు నడచినచో నీ రెండు చరిత్రలును ఒకే చరిత్రలోని భాగములని తేలును. పల్లెపట్టున నెలకొన్న పరిశ్రమను ప్రకృతిచిత్రముగా వ్రాసిన ఫ్రెంచి చిత్రకారులు చూచిన దేమి, చూడనిదేమి యను ప్రశ్నకు సమాధానము కొంత స్వర్ణముఖీతీరమున లభించును.

1. స్వర్ణముఖీతీరము

స్వర్ణముఖి చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టి, తిరుమలకు దిగువనున్న మైదానము గుండ తిరుచానూరు మీదుగా ప్రవహించి, శ్రీకాళహస్తీశ్వరుని యాలయము చెంత సాగి, వాకాటి ప్రాంతమున సముద్రమును చేరును. శేషాచలశ్రేణినుండి వచ్చు కల్యాణి యను నది దీనికి ఉపనది. శ్రీకాళహస్తి పూర్వము ఉత్తరార్కాటు మండలములోని జమీందారీ. 1911లో చిత్తూరు మండల మేర్పడినప్పుడు అందు చేరెను. 2022 నుండి తిరుపతి జిల్లాలో నున్నది. మండలముల హద్దులు మారినను నదీతీరపు వృత్తి మాత్రము మారలేదు. ఆ వృత్తియే గుడ్డపై కలముతో బొమ్మలు వ్రాసి, మొక్కల రంగులతో కాచి, నీటిలో జాడించు పని.

దీనిని పారసీకపదముతో కలంకారి యనుట నేడు లోకమున వాడుక. తెలుగు పనివారి మాటలో ఇది వ్రాతపని. ఈ పేరు సార్థకమైనది. మచిలీపట్టణమున కొయ్య అచ్చులతో గుడ్డపై అద్దుదురు. కావున అది అద్దకము. శ్రీకాళహస్తిలో వెదురుపుల్ల కొనకు ఉన్నియో గుడ్డయో చుట్టి, దారముతో బిగించి, ఆ కలముతో చేతివ్రాత వ్రాయుదురు. రామాయణ భారత కథలు, శ్రీకాళహస్తి మాహాత్మ్యము మొదలగునవి గళ్లు గళ్లుగా వ్రాసి, ఆ గళ్లపై కథాసూచకముగా తెలుగు వాక్యములను వ్రాయుట పరిపాటి. కోవెలలో తెరగాను, రథమునకు అలంకారముగాను వ్రేలాడిన యీ గుడ్డ ఒకేసారి పటమును, గ్రంథమును అగుచున్నది.

ఈ పనిలో రంగు ఏ క్రమమున పుట్టునో తెలియనిది మున్ముందు చెప్పబోవు విషయము బోధపడదు. కావున దానిని కొంత విస్తరముగా చెప్పవలసియున్నది.

మొదట కోరా గుడ్డను ఆవుపేడ కలిపిన నీటిలో నానవేసి, ఉతికి, ఎండవేసి తెల్లచేయుదురు. తరువాత కరక్కాయ నూరిన రసమును ఎనుముపాలను కలిపి అందు ముంచి ఆరవేయుదురు. కరక్కాయలోని వగరు గుడ్డకు పట్టును. పాలలోని కొవ్వు, కలము వ్రాసిన గీత పాకిపోకుండ నిలుపును. చింతపుల్లల బొగ్గుతో బొమ్మను గీయుదురు. ఇనుపతుక్కును బెల్లమును నీటిలో వేసి దినములకొలది పులియబెట్టిన ద్రవముతో ఆ గీతలను దిద్దగా, ఆ ద్రవము కరక్కాయ వగరుతో కలసి నల్లనగును. ఎరుపు కావలసిన చోట్ల పటిక నీరు పూయుదురు. పటికకు రంగు లేదు. పూసిన చోటు గుర్తింపవలయునని అందు కొంచెము రంగు కలుపుట కలదు.

ఆ మీద గుడ్డను పారునీటిలో విప్పి జాడింపవలెను. ఈ ఘట్టమే పని యంతటికిని జీవము. నిలిచిన నీటిలో ముంచినచో నూలునకు పట్టక మిగిలిన పటిక కరగి, తెల్లగా నుండవలసిన చోట్లకు వ్యాపించును. పిమ్మట ఆ చోట్లు సైతము ఎర్రబారును. పారునీరు మిగులు పటికను వెంటనే కొనిపోవును. అటుపిమ్మట ఎర్రవేరు వేసిన కాగులో గుడ్డను కాచుదురు. కాగులోని రంగు పటిక పట్టిన చోటనే నిలుచును; తక్కినచోట పైపైన అంటిన రంగు పేడనీటిలో నానవేసి, ఇసుకపై పరచి, నీరు చల్లుచు ఎండబెట్టగా విరిసిపోవును. కరకపువ్వుతో పసుపును, నీలిమందుతో నీలమును తరువాతి యంతస్తులలో వచ్చును. ప్రతియంతస్తునకును నడుమ గుడ్డ మరల నీటికి పోవలెను.

దీనినిబట్టి రెండు సంగతులు స్పష్టమగుచున్నవి. మొదటిది, వ్రాతగాడు తాను వ్రాయు రంగును వ్రాయునప్పుడు చూడడు. రంగునకు చోటు మాత్రమే కల్పించును. రెండవది, నది యిచట చుట్టుపట్టుల దృశ్యము కాదు, పనిముట్టు. పారునీరు, ఇసుకతిన్నె, ఎండ అను మూడును గుడ్డపై పనిచేయుచున్నవి. శ్రీకాళహస్తి వ్రాతపనిలో స్వర్ణముఖి బొమ్మ లేకున్నను, స్వర్ణముఖి లేని పటమొక్కటియు లేదని చెప్పుట యతిశయోక్తి కాదు.

2. ఓడలెక్కిన రంగు

ఈ విద్య కోవెలలకు మాత్రమే పరిమితమై యుండలేదు. తూర్పుతీరపు రంగుగుడ్డ పదునేడవ శతాబ్దినాటికి ద్వీపాంతరములకును ఐరోపాకును పోవు ప్రధానమైన సరకు. పోర్చుగీసువారు దానిని "పింతాడో" అనిరి. రంగువేసినదని దాని యర్థము. ఇంగ్లీషువారి "చింట్సు" అను మాట హిందీలోని "ఛీంట్" నుండి వచ్చినది. ఫ్రెంచివారు దేశము పేరునే గుడ్డకు పెట్టిరి. కొన్నవారు పెట్టిన యీ పేర్లన్నింటిలోను వ్రాసినవాని ప్రస్తావన లేకుండుట గమనింపదగినది.

తిరుపతి ప్రాంతమునకు ఈ వర్తకముతో గల సంబంధము రాజకీయచరిత్రలో సైతము కనబడును. 1626లో ఇంగ్లీషు కంపెనీవారు దుగరాజపట్టణము చెంత ఆర్మగాము అను పేర ఒక కోఠీని స్థాపించిరి. అది నేటి తిరుపతి జిల్లాలోనే, స్వర్ణముఖి సముద్రమును చేరు ప్రాంతములో నున్నది. అక్కడి కోఠీని నడపిన ఫ్రాన్సిస్ డే, మేలైన గుడ్డ చౌకగా దొరకు చోటును వెదకుచు దక్షిణమునకు పోయి, 1639లో దామెర్ల వేంకటప్ప నాయకునివలన మదరాసు స్థలమును పొందెను. ఆ దామెర్లవారు కాళహస్తి పాలకుల వంశమువారు. వారికి ప్రభువులు చంద్రగిరి నేలిన అరవీటి రాజులు. మదరాసు నగరము పుట్టుకకు గుడ్డ వర్తకము ముఖ్యకారణములలో నొకటి యనునది చరిత్రకారులకు సమ్మతమైన విషయమే.

ఇచట ఒక జాగ్రత్త యవసరము. విదేశములకు పోయిన గుడ్డలో అధికభాగము మచిలీపట్టణము, పులికాటు, మదరాసు మొదలగు రేవుల వెనుకటి గ్రామములలో తయారైనది. శ్రీకాళహస్తి పటములకు కోవెలలే ప్రధానమైన కొనుగోలుదారులు. ఓడలెక్కిన ప్రతి గుడ్డయు స్వర్ణముఖిలో జాడించినదని చెప్పుటకు వీలులేదు. కాని ఆ గ్రామములలో నాడు జరిగిన పనియు, శ్రీకాళహస్తిలో నేటికిని జరుగు పనియు ఒక్కటే. చేతివ్రాత పద్ధతికి తెలుగునాట జీవించియున్న ముఖ్యసాక్షి శ్రీకాళహస్తియే.

ఈ గుడ్డ ఐరోపాలో మొదట ఆశ్చర్యమును, తరువాత అసూయను పుట్టించెను. ఉతికినను వెలయని ఎరుపు అక్కడి అద్దకపువారికి తెలియదు. పట్టు, ఉన్ని నేతగాండ్రు తమ జీవనము చెడుచున్నదని మొరపెట్టుకొనగా, ఫ్రెంచి ప్రభుత్వము 1686లో రంగుగుడ్డల దిగుమతిని మాత్రమే కాక, దేశములో వానికి అనుకరణముగా అద్దుటను సైతము నిషేధించెను. ఈ నిషేధము 1759 వరకు నడచెను. ఐనను దొంగవర్తకము ఆగలేదు. ఆ రహస్యమును గ్రహింపవలెనను కాంక్షయు ఆగలేదు.

రహస్యమును వ్రాసి పంపినవారిలో కేర్దూ అను యేసుసభ పాద్రి ముఖ్యుడు. ఈయన 1732లో ఈ దేశమునకు వచ్చి, 1779లో పుదుచ్చేరిలో మరణించెను. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదములతో నిఘంటువును కూర్చిన పండితుడు. సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల చుట్టరికమును 1767 నాటి లేఖలో పారిస్ విద్వత్సభకు తెలిపిన వాడును ఈయనయే. 1742లో ఈయన వ్రాసిన లేఖలో రంగుగుడ్డ పని అడుగడుగున వర్ణింపబడినది. తనవలన క్రైస్తవమతమును పుచ్చుకొన్న పనివారినుండి ఈ సంగతులు తెలిసికొంటినని ఆయన చెప్పెను. కరక్కాయ, ఎనుముపాలు, ఇనుముతో చేసిన నలుపు, పటిక, ఎర్రవేరు, నీలి అనునవి ఆ లేఖలో వరుసగా కానవచ్చును. ఇందలి క్రమమునకును నేటి శ్రీకాళహస్తి క్రమమునకును పోలిక స్పష్టము. అంతకన్న విశేషమేమనగా, పటికను కలుపుటకు అన్ని నీళ్లును పనికిరావనియు, ఒకవిధమైన వగరు రుచిగల నూతినీరే కావలెననియు కేర్దూ గుర్తించెను. మరల నీటి ప్రసక్తియే. విద్యను కాగితముపై కెక్కించి పంపవచ్చును గాని, నీటిని పంపుట సాధ్యము కాదని ఆ లేఖ చదివిన ఫ్రెంచివారికి తెలిసియుండవలెను.

నిషేధము తొలగిన మరుసటియేట, అనగా 1760లో, ఒబెర్కాంఫ్ అను నతడు పారిస్‌కు సమీపమున ఝుయీ గ్రామములో బియెవ్ర్ అను చిన్నయేటి యొడ్డున అద్దకశాలను నెలకొల్పెను. అతడు పట్టణమును విడిచి పల్లెకు పోవుటకు ముఖ్యకారణము నీరు. జాడించుటకు ఏరు, పరచి ఎండబెట్టుటకు పచ్చికబయలు కావలసెను. స్వర్ణముఖి యిసుకతిన్నెకు బదులుగా అచట పచ్చిక పనికివచ్చెను. 1783లో హ్యూఎ అను చిత్రకారుడు ఈ శాల కొరకు ఒక గుడ్డనమూనాను వ్రాసెను. చెట్లు, ఏరు, బయలు, వాని నడుమ ఉతుకువారు, అద్దువారు, పరచువారు దానిలో నున్నారు. ఆ గుడ్డపై నున్న బొమ్మ, ఆ గుడ్డ తయారగు విధమే. పల్లెలోని పరిశ్రమను ప్రకృతిచిత్రముగా చూపుటకు ఇంప్రెషనిస్టులకు తొమ్మిది దశాబ్దములకు ముందే అద్దకపు వృత్తి తనకు తానే యొక మాదిరిని కల్పించుకొన్నదని చెప్పవచ్చును.

3. రువాన్ పట్టణము, మోనే పటములు

నార్మండీలో ఈ పరిశ్రమ ఇంకను పెద్దయెత్తున వేరూనెను. 1747లో టర్కీ రాజ్యమునుండి గ్రీకు రంగరులను రువాన్ సమీపమందలి దార్నెతాల్‌కు రప్పించి, మంజిష్ఠజాతి వేరుతో నూలునకు ఎరుపు వేయు విద్యను నేర్చిరి. ఆ దార్నెతాల్ రోబెక్ వాగు ప్రవహించు చోటు. 1759 తరువాత ఇండియెన్ అద్దకశాలలు రువాన్ చుట్టుపట్ల లోయలలో వ్యాపించెను. రోబెక్ నీటిని రంగరులు తరతరములుగా వాడుకొనిరి. 1857లో గ్రంథరూపమున వెలువడిన తన ప్రసిద్ధ నవలలో ఫ్లోబేర్, ఈ వాగు అద్దకపు రంగులు కలిసి నానావర్ణములతో పారుటను వర్ణించెను. పరిశ్రమ అప్పటికి నీటిని వాడుకొనుటతో తృప్తిపడక, నీటికే రంగువేయుచుండెను.

1871లో ఫ్రాన్సు జర్మనీచేత ఓడిపోయి అల్సాస్ సీమను కోల్పోయెను. ఆ సీమలోని ముల్హూజ్ పట్టణము గుడ్డల అద్దకమునకు పేరుమోసినది. అది పోగా రువాన్ పరిశ్రమకు ప్రాముఖ్యము పెరిగెను. 1872లో రువాన్ పారిశ్రామికసంఘము స్థాపితమయ్యెను. దాని స్థాపకసభ్యులలో లెయోఁ మోనే యొకడు. ఇతడు రంగుల రసాయనమునెరిగినవాడు. స్విట్జర్లాండులోని బాసెల్ నగరపు గైగీ సంస్థకు ఈ ప్రాంతమున ప్రతినిధి. క్లోద్ మోనేకు ఇతడు అన్న.

తమ్ముడు ఆ 1872లోనే రువాన్‌కు వచ్చి కొన్ని పటములను వ్రాసెను. వానిలో నొకటి రోబెక్ వాగు. మరియొకటి రైలుబండిని గూర్చినది. నేడు జపానులోని పోలా చిత్రశాలలో నున్నది. ముందుభాగమున పచ్చని బయలు. అందు గొడుగులు పట్టి విహరించు జనులు. నడుమ పొగ వదలుచు పోవు సరకుబండి. దూరమున ఫాక్టరీల పొగగొట్టములు. ఊరివారి విహారమును, పనిచోటి పొగయు ఒకే వెలుతురులో, ఒకే తూలిక వేగముతో వ్రాయబడినవి. పొగను నిందించినట్లు గాని, పొగడినట్లు గాని కానరాదు. మేఘము ఎట్టిదో పొగయు నట్టిదే.

ఈ దృష్టి మోనే యొక్కని సొత్తు కాదు. మరుసటియేట, 1873లో, కమీయ్ పిస్సారో పోంత్వాజ్ సమీపమున వాజ్ నదియొడ్డున నున్న కార్ఖానాను పలుమారులు వ్రాసెను. ఆ పటములలో పొగగొట్టము చెట్టువలె నిలిచి, దాని నీడ నీటిలో వణకుచుండును. పొగ మబ్బులలో కలియును. అదే కాలమున గీయోమెఁ పారిస్ శివారగు ఇవ్రీలో పొగగొట్టముల వెనుక సూర్యాస్తమయమును చిత్రించెను. 1874 ఏప్రిల్‌లో వీరందరు కలసి పారిస్‌లో ప్రదర్శనము జరిపిరి. మోనే వ్రాసిన హావ్ర్ రేవు ప్రాతఃకాల చిత్రము పేరులోని "ఇంప్రెషన్" అను మాటను పట్టుకొని ఒక విమర్శకుడు పరిహసింపగా, ఆ పరిహాసమే వీరికి పేరయ్యెను. కంటికి ఆ క్షణమున తోచినదానిని తోచినట్లు వ్రాయుట వీరి సిద్ధాంతమని సంగ్రహముగా చెప్పవచ్చును.

ఈ సిద్ధాంతపు బలమును లోపమును ఒక్కటే. కన్ను క్షణమును చూచును. క్షణమునకు వెనుకనున్న శతాబ్దములను చూడదు. రోబెక్ వాగు నొడ్డున మోనే నిలిచి చూచినప్పుడు నీటిపై వెలుతురు కనబడెను. ఆ పరిశ్రమకు ఇండియెన్ అను పేరేల వచ్చెనో, ఏ నదులలో ఆ విద్య పుట్టెనో వెలుతురు చెప్పదు. ఇది చిత్రకారుని తప్పు కాదు. కాని చరిత్రకారుడు సైతము అచటనే నిలిచిపోయినచో అది తప్పగును.

4. వేరు, తారు

రువాన్‌లో తమ్ముడు వాగును వ్రాసిన కాలమునకును, అన్న కృత్రిమవర్ణముల వ్యాపారమునకును గల సామీప్యము యాదృచ్ఛికమైనను అర్థవంతమైనది. ఆ దశాబ్దమే తెలుగుతీరపు రంగునకు మృత్యువు సంభవించిన కాలము.

తూర్పుతీరపు ఎరుపునకు మూలము చిరివేరు. ఇది ఇసుకనేలలలో పెరుగు చిన్నమొక్క వేరు. నిజాంపట్టణపు చిరివేరు శ్రేష్ఠమని పదునేడవ శతాబ్దిలో మచిలీపట్టణపు ఇంగ్లీషు కోఠీలో పనిచేసిన మెత్వోల్డు పొగడెను. దక్షిణదేశపు చిరివేరునందును, ఐరోపాలో సాగుచేయు మంజిష్ఠజాతి వేరునందును ఎరుపునకు కారణమైన పదార్థము ఒక్కటియే. రసాయనశాస్త్రజ్ఞులు దానిని అలిజరిన్ అందురు. 1868లో బెర్లిన్‌లో గ్రేబె, లీబెర్మన్ అనువారు ఈ పదార్థమును రాతిబొగ్గు తారునుండి తయారుచేయు మార్గమును కనుగొనిరి. 1869లో దానిని వాణిజ్యపద్ధతిని తయారుచేయు ఉపాయము జర్మనీలోను ఇంగ్లండులోను ఏర్పడెను. కొద్ది సంవత్సరములలో ఫ్రాన్సుదేశపు వేరుపొలములు పాడుపడెను. తూర్పుతీరమున చిరివేరు సాగు, త్రవ్వకము క్రమముగా క్షీణించెను. 1897లో జర్మనీనుండి కృత్రిమనీలి బజారునకు రాగా, కడప మొదలగు మండలములలోని నీలిమందు సాగునకును అదే గతి పట్టెను.

మెట్టనేలలో వేరు త్రవ్వినవాడు, నీలితొట్టిలో నిలిచి కలియబెట్టినవాడు, రేవున గుడ్డ నుతికినవాడు మున్నగువారి జీవనము రసాయనశాల నిర్ణయమునకు లోబడెను. అందును వింతయేమనగా, రంగు మారలేదు. చిరివేరు ఎరుపును తారు ఎరుపును మూలద్రవ్యమున ఒక్కటే. మారినది రంగునకును నేలకును గల సంబంధము. చిరివేరు ఏ యిసుకలో పెరిగినదను ప్రశ్నకు పూర్వము విలువ కలదు. తారు ఏ గనిలోని బొగ్గుదను ప్రశ్న యెవ్వరును వేయరు. కాలక్రమమున శ్రీకాళహస్తి, మచిలీపట్టణము పనివారు సైతము కృత్రిమ అలిజరిన్‌ను వాడిరి. తమ విద్య విదేశమునకు పోయి, వేషము మార్చుకొని, సీసాలో తిరిగివచ్చినట్లయ్యెను.

మిల్లులలో అచ్చువేసిన చౌకగుడ్డ బజారు నిండుటచే వ్రాతపనికి కొనువారు తగ్గిరి. మదరాసు చిత్రకళాపాఠశాల అధ్యక్షుడగు హాడవే 1917లో ఈ రాజధానిలోని నూలుగుడ్డల వ్రాతపనిని అద్దకమును గూర్చి గ్రంథము ప్రకటించెను. స్వాతంత్ర్యానంతరము కమలాదేవి చట్టోపాధ్యాయ ప్రోత్సాహమున 1957లో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణకేంద్రము వెలసెను. వృత్తినెరిగిన జొన్నలగడ్డ లక్ష్మయ్య అచట క్రొత్తతరమునకు విద్య గరపెను. ఆ సంప్రదాయమున ప్రసిద్ధులైన జొన్నలగడ్డ గురప్పశెట్టి కలమును పట్టుటయే గాక, వ్రాతపనిని గూర్చి తెలుగులో గ్రంథరచన చేసిరి. 2008లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. శ్రీకాళహస్తి వ్రాతపనికి భౌగోళికసూచిక యను చట్టరక్షణము సైతము లభించినది. ఒక రంగుపనికి ఊరి పేరుతో రక్షణ కల్పించుట, నేలకును రంగునకును తెగిన బంధమును న్యాయశాస్త్రము మరల ముడివేయ యత్నించుటయే.

ఈ యత్నమునకు నేటి ప్రతిబంధకము నీరు. 1977లో కల్యాణిపై ఆనకట్ట కట్టిరి. తిరుపతి, తిరుమలల దాహము తీర్చుటకు ఆ నీరు వినియోగపడుచున్నది. యాత్రికుల సంఖ్య, పట్టణముల విస్తీర్ణము పెరిగినవి. స్వర్ణముఖి సంవత్సరమున పెక్కు మాసములు ఇసుకగానే యుండును. పారునీరు కావలసిన పనివాడు బోరుబావిని, తొట్టిని ఆశ్రయింపవలసి వచ్చుచున్నది. కొండపైకి పోవు నీటిని ఎవ్వరును తప్పుపట్టలేరు. ఐనను నదిని పనిముట్టుగా గల వృత్తికి నది లేకపోవుట చేయి లేకపోవుటయే.

5. ఆక్షేపము, సమాధానము

ఇంతవరకు చెప్పినదానిపై ఒక ఆక్షేపము రావచ్చును. మోనే పటములో గుడ్డలు లేవు. వ్రాతపని ప్రభావము మోనేపై లేదు. కావున ఈ సంబంధము కల్పితమని యనవచ్చును. ప్రభావము కలదని ఇచట చెప్పబడలేదు. చిత్రకారుడు చూచిన దృశ్యము ఎట్లు ఏర్పడినదనునదే ఇచటి విచారము. కొండను చిత్రించినవాడు భూగర్భశాస్త్రము నెరుగకపోవచ్చును. ఆ కొండ పుట్టుకను చెప్పవలసినవాడు దానిని ఎరుగక తప్పదు. రువాన్ వాగును, దాని యొడ్డుననున్న కట్టడములను వివరింపబూనిన చరిత్రకారుడు తూర్పుతీరపు రంగరులను విడిచినచో ఆ వివరణ సగమే యగును.

మరియొక సంగతి గలదు. పరిశ్రమను చిత్రమున చూపుటకు రెండు మార్గములు కానవచ్చుచున్నవి. ఒడ్డున నిలిచి చూచుట మోనే, పిస్సారోల మార్గము. ఆ మార్గమున పనివాడు మచ్చయగును, పొగ మేఘమగును, సమస్తమును సుందరమగును. నీటిలో దిగి పనిచేయుట వ్రాతగాని మార్గము. అతడు ఏటిని చిత్రింపలేదు, ఏటిచేత చిత్రింపించెను. అతని పటములో తెల్లగా నిలిచిన ప్రతిచోటును పారునీటి పనికి సాక్ష్యము. మొదటి మార్గమునకు చిత్రశాలలును, విమర్శగ్రంథములును, చిత్రకారుల నామములును మిగిలినవి. రెండవదానికి గుడ్డలు మిగిలినవి. పాతగుడ్డలలో పెక్కింటిపై వ్రాసినవాని పేరు లేదు.

ఈ లోటును చిత్రశాలలు తీర్పజాలవు. కొంతవరకు భాషాపరిశోధకులు తీర్పగలరు. గుడ్డను తెల్లచేయుట మొదలు నీలి కాచుట వరకు గల ప్రతియంతస్తునకును పనివారికి ప్రత్యేకమైన మాటలున్నవి. వానిలో నిఘంటువుల కెక్కినవి కొన్ని మాత్రమే. కేర్దూ పాద్రి పనివారి చెంత కూర్చుండి వారి పనిని తన భాషలో వ్రాసికొనెను. ఆ కాగితము ఫ్రాన్సులో అచ్చుపడి నిలిచినది. అదే పనిని తెలుగు మాటలతో, పనివారి ఉచ్చారణముతో, అంతస్తుల వరుసలో వ్రాసి పదిలపరచుట తెలుగు పండితులకు మిగిలిన పని. స్వర్ణముఖిలో నీరు వచ్చు మాసములు కొన్నియే. ఆ మాసములలో రేవునకు పోయి పనివారిని అడుగుట కష్టసాధ్యము కాదు.